తెలుగు హాస్యంలో పిశాచం

జంషెడ్‌పూరుకు సువర్ణరేఖానది ఆవలి ఒడ్డున ఉన్న మాంగోలో ఒక స్త్రీని "డాయన్" అని పిలవడం నేరం. బీహారు రాష్ట్రంలో 1999లో వచ్చిన డాయన్ నిరోధక చట్టాన్ని, 2000 నవంబరులో అవతరించిన ఝార్ఖండ్ 2001లో స్వీకరించింది. మంత్రగత్తె అని ఒక స్త్రీని వేలెత్తి చూపినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా వేయి రూపాయల వరకు జరిమానా, లేదా రెండునూ. ఆ మాటకు మూలం సంస్కృతంలోని డాకినీ శబ్దం. తెలుగునాట ఆ డాకినియే శాకినితో జంటకట్టి, మాంత్రికుల కథలలో తిరిగి తిరిగి, చివరకు అల్లరిపిల్లలను కసరుకొనే తిట్టుగా పలుచబడిపోయినది. 2022లో ఒక వినోదచిత్రానికి పేరుగా కూడా అమరినది. ఒకచోట వినబడగానే నవ్వు పుట్టించే మాట మరొకచోట వినబడగానే తలుపు గడియ వేసుకొనవలసిన మాట.

మాంగోలోని తెలుగు కుటుంబానికి ఈ రెండు అర్థాలూ అందుబాటులోనే ఉంటాయి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చీ కర్మాగారంలో ఉక్కు తయారీ మొదలైన తరువాత, బెంగాల్–నాగపూర్ రైలుమార్గం వెంట పనికోసం వచ్చినవారిలో తెలుగువారున్నారు. వారిలో ఉత్తరాంధ్ర జిల్లాలవారు విశేషంగా ఉన్నారు. గురజాడ నాటకానికి పుట్టినిల్లయిన ప్రాంతం నుండి వచ్చినవారు వారు. ఐతే "చిల్లంగి" అనే మాట కూడా ఆ ప్రాంతానిదే. చిల్లంగి పెట్టినారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఉదంతాలు ఆంధ్రదేశంలోనూ, బాణామతి పేరిట తెలంగాణలోనూ పలుమార్లు వార్తలకెక్కినవి. పిశాచాన్ని పరిహసించే తెలుగు రచనల విలువ కట్టవలసి వచ్చినప్పుడు మాంగో వంటి చోటు మంచి గీటురాయి అనడానికి కారణమిదే. అక్కడి శ్రోత నవ్వకముందు ఈ నవ్వు ఎవరిమీద పడుతున్నదని ఒక్క క్షణం చూచుకొంటాడు.

పాశ్చాత్య సాహిత్యంలో రక్తం త్రాగే పిశాచానికి స్థిరరూపం ఇచ్చిన నవల "డ్రాకులా" 1897లో లండనులో వెలువడినది. "కన్యాశుల్కం" తొలికూర్పు అచ్చయినదీ ఆ సంవత్సరమే. ఈ రెండింటికీ సంబంధం లేదు. పంచాంగం కలిపిన పొత్తు మాత్రమే. ఐనా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచినవారికి ఒక సంగతి తట్టక మానదు. బ్రామ్ స్టోకర్ నవలలో కథ మొదలయ్యేది శ్మశానంలో కాదు. ట్రాన్సిల్వేనియా ప్రభువు లండను దగ్గర ఒక పాత ఇల్లు కొనదలచినాడు. ఆ క్రయపత్రాల పనిమీద ఒక యువ న్యాయవాది అతని కోటకు బయలుదేరినాడు. కోరలు కనబడకముందే దస్తావేజులు కనబడినవి. గురజాడ నాటకంలోనూ పిశాచం కన్న ముందు బేరం వచ్చినది. అక్కడ ఇల్లు, ఇక్కడ పిల్ల.

"కన్యాశుల్కం" రెండవ కూర్పు 1909లో వెలువడినది. ఈనాడు అందరూ చదివేది దానినే. గిరీశం మాటకారితనాన్ని గురించి, మధురవాణి చాతుర్యాన్ని గురించి విమర్శకులు వ్రాసిన దానిలో పదవ వంతైనా పూజారి గవరయ్యను గురించి వ్రాయలేదు. అతడు చిన్న పాత్ర, భూతవైద్యుడు, కాసేపు వచ్చి నవ్వించి పోయేవాడు అన్నంతతో సరిపెట్టినారు. కాని నాటకంలోని తర్కమంతా ఒకసారి అతని సీసాలోనికి దిగి వస్తున్నది.

సందర్భం తెలిసినదే. ముసలి లుబ్ధావధాన్లు పసిపిల్లను కొని పెండ్లాడదలచినాడు. ఆ సంబంధాన్ని చెడగొట్టడానికి కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం కట్టి, కూతురని చెప్పి, ఆ ముసలివానికే అంటగట్టినాడు. పెండ్లి అయినది. పిమ్మట ఈ పిల్లకు పూర్వమే ఒక మగడుండి చనిపోయినాడన్న మాట లుబ్ధావధాన్లు చెవిని పడినది. అంతే, చనిపోయిన ఆ మొదటి మగడు కలలోనూ మెలకువలోనూ అతని గొంతు మీదికి రావడం మొదలుపెట్టినాడు. గవరయ్య వచ్చినాడు, ఎవరికీ కనబడని ఆ మగడు అతనికి కనబడినాడు. పెండ్లికూతురు మాయమైన తరువాత ఆమె కూడా మనిషి కాదని తేలినది. పిశాచాలను సీసాలో బిగించి బిరడా వేయడంతో వైద్యం ముగిసినది.

ఇక్కడ ఏది ఉన్నది, ఏది లేదు అని లెక్క వేసి చూడవలసినదే. పెండ్లికూతురు లేదు, ఉన్నది మగపిల్లవాడు. లేని పెండ్లికూతురికి మొదటి మగడు ఉండే వీలు లేదు. లేని మగడు చావలేదు, చావనివాడు దయ్యం కాలేదు. ఇన్ని లేనివాటి నడుమ నిజంగా ఉన్నవి రెండే: సీసా, లుబ్ధావధాన్లు చెల్లించిన రూపాయలు. ప్రేక్షకునికి ఈ రహస్యం ముందే తెలుసు. కనుక అతనికి భయం కలిగే అవకాశమే లేదు. గురజాడ భయాన్ని ముందుగానే తీసివేసి, భయపడేవాని ముఖాన్ని మాత్రం చూపినాడు. ఆ ముఖంలో కనబడేది పరలోకం గురించిన భీతి కూడా కాదు. తాను రొక్కమిచ్చి కొన్న వస్తువును తనకంటె ముందు మరొకడు కొని ఉన్నాడేమోనన్న కొనుగోలుదారుని కలవరం. పాత యజమాని వచ్చి హక్కు అడుగుతాడేమో! తాకట్టులో ఉన్న పొలాన్ని తెలియక కొన్నవాడు పడే బాధ అది. దానికి గోళ్లూ కోరలూ మొలిచినవి.

దీనికి ఎదురుగా మరొకటి ఉన్నది. ఆ ఇంటిలోనే లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి ఉన్నది. కృష్ణరాయపురం అగ్రహారంలో బుచ్చమ్మ ఉన్నది. ఇద్దరూ నిజమైన వితంతువులు. వారి మగలు నిజంగా చనిపోయినారు. ఐనా ఆ చనిపోయినవారిలో ఒక్కడు కూడా ఎవరి కలలోనికీ రాలేదు, ఎవరి గొంతూ పట్టుకొనలేదు. ఏ గవరయ్యకూ వారు కనబడలేదు. కారణం స్పష్టం: మీనాక్షి మీదగాని బుచ్చమ్మ మీదగాని ఇప్పుడు ఎవరి రొక్కమూ పెట్టుబడిగా లేదు. ఆ వితంతువుల జీవితాలను పట్టి పీడించినది ఆచారం. దానిని బిగించడానికి ఏ పూజారి వద్దా సీసా లేదు. ఈ మాట గురజాడ ఏ పాత్రచేతా పలికించలేదు. సీసాను, వితంతువును ఒకే ఇంటిలో ఉంచి ఊరకున్నాడు.

విజయనగరం ప్రభువు ఆనందగజపతి ఆ రోజులలో విశాఖపట్టణం మండలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక వ్రాయించిన సంగతి గురజాడ తొలికూర్పు పీఠికలో చెప్పినాడు. మూడేండ్లలో 1034 లెక్కకు వచ్చినవి. వాటిలో ఏడాది వయస్సు పసికందుల పెండ్లిండ్లు కూడా ఉన్నవి. ఇంత భయంకరమైన పట్టిక చేతిలో ఉన్న రచయిత పిశాచ కథ వ్రాయదలచుకొంటే దానికి వేరే చీకటి అక్కరలేదు. అతడు వ్రాసినది ప్రహసనం. గవరయ్య సీసాకు దక్కే నవ్వులో ఆ పట్టిక బరువు ఉన్నది కనుకనే అది నూరేండ్లు దాటినా చల్లారలేదు.

పిశాచాన్ని సంసారపు లెక్కలలోనికి దింపడం గురజాడతో మొదలైనది కాదు. బేతాళుడు అంతకు ఎంతో ముందువాడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఆంగ్లంలో చెప్పుతూ బేతాళునికి రక్తపిశాచి అనే అర్థం వచ్చే పేరు తగిలించినాడు. "చందమామ" చదివి పెరిగిన తెలుగు బాలుడు దానిని ఒప్పుకొనడు. చెట్టుకు వేలాడే ఆ శవంలోనివాడు ఎవరి రక్తమూ త్రాగలేదు. కథ చెప్పి, ప్రశ్న వేసి, తెలిసి చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించినాడు. అతడు అడిగేవి కూడా మోక్షం గురించిన ప్రశ్నలు కావు. ముగ్గురు వరులలో పిల్ల ఎవరికి చెందుతుంది, ఆస్తి ఎవరికి దక్కాలి వంటివి. మునసబు కోర్టులో వినదగిన వ్యాజ్యాలు. ఇక ఈ కథల కాకరమైన బృహత్కథను శాతవాహనుల ఆస్థానంలోని గుణాఢ్యుడు పైశాచీభాషలో, అడవిలో సిరా దొరకక తన రక్తంతోనే వ్రాసినాడని "కథాసరిత్సాగరం" చెప్పుతున్నది. పిశాచాల భాషకోసం రక్తం ధారపోసినవాడు రచయితే అన్న ఈ ఐతిహ్యంలోని చమత్కారం తెలుగు రచయితలు ఇంకా సరిగా వాడుకొనలేదు.

పిశాచాల నిత్యజీవితాన్ని ఇంతకంటె బాహాటంగా చూపిన కావ్యం తమిళంలో ఉన్నది. పన్నెండవ శతాబ్ది ఆరంభంలో జయంకొండార్ రచించిన "కళింగత్తుప్పరణి"లో ఆకలితో మాడిన దయ్యాలు కాళికాదేవికి మొర పెట్టుకొంటాయి. యుద్ధం ముగిసిన పిమ్మట రణభూమికి పరుగెత్తి, ఏనుగు దంతాలతో పళ్లు తోముకొని, నెత్తుటిలో స్నానం చేసి, గంజి కాచుకొని, పంక్తులు తీర్చి వడ్డించుకొంటాయి. బ్రాహ్మణ దయ్యం, జైన దయ్యం, గ్రుడ్డి దయ్యం, గర్భిణి దయ్యం — విందులో ఎవరి మర్యాద వారిది. పెండ్లి బంతులలో కూర్చున్న వారెవరికైనా నవ్వు ఆగదు. ఐతే ఆ గంజి ఎవరి మాంసంతో కాచినారు? కులోత్తుంగ చోళుని సేనాని కరుణాకర తొండైమాన్ చేతిలో కూలిన కళింగ సైనికులది. కులోత్తుంగుడు వేంగి చాళుక్యుల ఇంటివాడు కూడా. కావ్యశిల్పానికి చేయెత్తి మ్రొక్కవలసినదే. కాని ఆ నవ్వు గెలిచినవాని ముంగిట నుండి వచ్చినది. ఓడినవాని ఊరిలో దానిని చదివితే ఎట్లుంటుందన్న ప్రశ్నను కావ్యం తన దరికి రానీయదు. హాస్యంలో ఉన్న ఈ ప్రమాదం జయంకొండార్‌తో ఆగిపోలేదు.

1957లో వచ్చిన "మాయాబజార్" దీనిని తెలివిగా దాటినది. పింగళి నాగేంద్రరావు రాక్షసులు భాషను తడబడుతూ నేర్చుకొంటారు, మర్యాదలు వల్లె వేస్తారు, గోంగూరను గురించి మాట్లాడుకొంటారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెండ్లిపీటలపై కూర్చోవడం, కరటకశాస్త్రి శిష్యుడు పెండ్లికూతురు కావడం — రెండూ ఒకే ఎత్తుగడ. రెండుచోట్లా పెద్దలు పిల్ల ఇష్టం అడగకుండా లాభం చూచి సంబంధం కుదిర్చినారు. రెండుచోట్లా ఆ బేరానికి దొంగ సరుకు అందినది. ఇక్కడ రాక్షసుడు మోసగించినది రాజ్యమదంతో వచ్చిన మగపెండ్లివారిని. కనుక నవ్వు మీదినుండి క్రిందికి పడక, క్రిందినుండి మీదికి లేచినది.

ఆ పిమ్మట దయ్యాన్ని పరిహసించే శక్తి తెలుగు వచనంలో కొంత సన్నగిల్లినదని చెప్పక తప్పదు. వారపత్రికల ధారావాహికల కాలంలో చేతబడి గంభీరవస్తువు అయినది. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" దానికి పేరెన్నిక గన్న ఉదాహరణ. రంగనాయకమ్మ "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని పుస్తకమే వ్రాసి దానిని ఎదుర్కొన్నది. ఆ వివాదంలో ఇరుపక్షాల వాదాలు ఎట్లున్నా, ఒక లోటు మాత్రం మిగిలిపోయినది. భయపెట్టే నవలకు జవాబుగా ఖండన వచ్చినది, నవ్వించే నవల రాలేదు. ఆంగ్లంలో జేన్ ఆస్టిన్ "నార్తాంగర్ ఆబీ" చేసిన పని అది: భూతకథలు చదివి తల తిరిగిన కథానాయిక పాత బీరువాలో భయంకర రహస్యం ఉన్నదని వణుకుతూ తెరిస్తే చాకలి పద్దు కనబడుతుంది. తెలుగు నవలలో ఆ చాకలి పద్దు ఇంకా ఎవరికీ దొరకలేదు. చలనచిత్రంలో మాత్రం 2017లో "ఆనందో బ్రహ్మ" దగ్గరగా వచ్చినది. ఇల్లు అమ్ముడుపోవలసి ఉన్నది, దయ్యాలున్నవన్న పేరు అడ్డు. అందులో ఉండడానికి వచ్చిన నలుగురు మనుషులు తమ తమ రోగాలలో, వ్యసనాలలో మునిగి ఉండడంవలన దయ్యాలు ఎంత శ్రమించినా భయపడరు, చివరకు దయ్యాలకే మనుషులంటే భయం పుట్టుతుంది. మళ్లీ క్రయవిక్రయాలే! దర్శకుడు మహి వి. రాఘవ్‌కు స్టోకర్ నవలలోని దస్తావేజు గుర్తున్నదో లేదో గాని, తెలుగు హాస్యానికి ఆ మార్గం సహజంగా తెలుసు.

ఇక మాంగోను గురించి. నది ఈవలి ఒడ్డున కంపెనీ వీధులు, కంపెనీ క్వార్టర్లు. ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేసే కుటుంబాలు స్థలం కొని ఇల్లు కట్టుకొనే పేటలలో మాంగో ఒకటి. దల్మా కొండల దిక్కుగా, డిమ్నా రోడ్డు వెంట ఊరు పెరుగుతూ పోయినది. ఆ నేలలో ఆదివాసుల భూములు చేతులు మారకుండా 1908లో ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చినది. వచ్చిన నాటినుండీ దానిని చుట్టి పోయే దారులు వెదకడం కూడా సాగుతూనే ఉన్నది. చుట్టుపట్ల గ్రామాలలో "డాయన్" నింద పడేది ఎక్కువగా ఆడవారిమీద, అందులోనూ వితంతువులమీద. పొరుగింటి బిడ్డకు జ్వరం వస్తే ఓఝా పేరు చెప్పుతాడు. ఆ పేరు వెనుక చాలాసార్లు పొలంగట్టు తగాదా, వారసత్వపు తగాదా ఉంటుందని అక్కడ పనిచేసేవారు చెప్పుతూ వచ్చినారు. సరాయికెలా–ఖర్సావాఁ జిల్లా బీర్‌బాఁస్ గ్రామానికి చెందిన ఛుట్నీ మహతో 1995లో ఆ నిందకు గురియై, హింస అనుభవించి, ఊరు విడిచి, తరువాత అట్టి స్త్రీల పక్షాన నిలబడినది. 2021లో ఆమెకు పద్మశ్రీ ప్రకటించినారు. ఓఝా చేసే "వైద్యాన్ని" కూడా చట్టం విడిగా నేరంగా పేర్కొన్నది. గవరయ్య అక్కడ శిక్షార్హుడు.

ఆ ప్రాంతపు రచయిత హాఁస్దా సౌవేంద్ర శేఖర్ 2014లో ఆంగ్లంలో వెలువరించిన నవల, రూపీ బాస్కే అనే స్త్రీకి వచ్చిన అంతుచిక్కని వ్యాధిని గురించినది, ఈ వస్తువునే తీసుకొన్నది. 2015లో దానికి సాహిత్య అకాదమీ యువ పురస్కారం లభించినది. సంతాలుల ఇంటిలోపలి నుండి చెప్పిన కథ కనుక అందులో చులకన లేదు. తెలుగు రచయిత అదే కథను బయటినుండి తీసుకొని, ఆదివాసుల అమాయకత్వమంటూ హాస్యం పండించబోతే అది జయంకొండార్ వంటశాలకు, జయంకొండార్ ప్రతిభ లేకుండా, తిరిగి పోవడమే అవుతుంది. అతనికి కావలసిన సరుకు అతని వాకిటిలోనే ఉన్నది. ఇంజనీరు గీసిన పటం ప్రకారం కట్టిన ఇంటికి రాక్షసముఖమున్న దిష్టి గుమ్మడికాయ వేలాడుతున్నది. కొలిమి దగ్గర ముప్పదియేండ్లు ఉష్ణోగ్రతలు కొలిచినవాడు కొత్త స్కూటరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టినాడు. స్థలం దస్తావేజు చేతికి వచ్చిన నాటి రాత్రి, ఈ నేల పాత యజమాని ఎవరో, అతడు వస్తాడేమోనన్న కలత నిద్రలోనికి వచ్చినా రావచ్చును. లుబ్ధావధాన్లు పడిన కలతే అది. ఊరు, సరుకు మాత్రం మారినవి. ఆ నిద్రను వర్ణించే ప్రహసనం వ్రాయగలవాడు గురజాడ దారిలో నడిచినవాడవుతాడు.

ఈలోపల "కన్యాశుల్కం" ఉన్నది. ఏడంకాల నాటకాన్ని ఒక రాత్రికి సరిపోయేటట్లు కుదించేవారు గవరయ్యను తొలగించడం సులభమనుకొంటారు. కథ ఆగదు, పాత్రల ఖర్చు తగ్గుతుంది. మాంగో వంటి చోట ఆడదలచినవారు మరేదైనా తగ్గించుకొని ఆ రంగాన్ని ఉంచుకొనడం మంచిది. నటుడు కనుబొమలు ఎగురవేసి, విభూతి చల్లి, పామరులను నవ్వించడానికి ప్రయత్నించనక్కరలేదు; గవరయ్య తన వృత్తిని ఎంత నింపాదిగా, లెక్కగా చేస్తే అంత రాణిస్తుంది. దీపాల సాయంతో సీసాలో ఏదో కదిలినట్లు చూపడం కూడా తగదు. సీసా ఖాళీగా, తెల్లగా, చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా ఆరపార కనబడేటట్లు ఉండాలి. మీనాక్షి ఆ సమయంలో రంగస్థలం మీద, ఒక ప్రక్కగా, పని చేసుకొంటూ ఉంటే చాలును.